లారీ వెనుక ఎర్ర పట్టీ

రాత్రివేళ ఆగి ఉన్న లారీని కారు వెనుక నుంచి ఢీకొట్టిందన్న వార్త విజయవాడ–హైదరాబాద్ దారి నుంచో, చెన్నై–కోల్‌కతా హైవే నుంచో వస్తూనే ఉంటుంది. అతివేగమో నిద్రమత్తో అని తేల్చేసి పేజీ తిప్పేస్తాం. మరి మెలకువగా, పద్ధతిగా నడిపేవాడి సంగతేమిటి? గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. అడ్డం కనబడి, బ్రేకు తొక్కి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదే 70 మీటర్ల దాకా పడుతుంది. దుమ్ము కొట్టుకుపోయిన లారీ వెనుకభాగం డిమ్ లైటుకు అంత దూరం నుంచి ఆనదు. ఇక్కడ తప్పు చూసేవాడిది కాదు, కనబడని బండిది.

మనవాళ్లు రేడియం స్టిక్కరనే పట్టీ పనికొచ్చేది ఇక్కడే. మామూలు పెయింటు వెలుగును నలుదిక్కులకూ చెదరగొడుతుంది. ఈ పట్టీలోని సన్నటి గాజుపూసలో, పట్టకాలో దాన్ని వచ్చిన వైపుకే తిప్పి పంపుతాయి. అమెరికాలో 1993 డిసెంబరు నుంచి తయారైన పెద్ద ట్రైలర్లకు ఎరుపు–తెలుపు పట్టీ తప్పనిసరి. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా ప్రమాదాలను పరిశీలించి అక్కడి రహదారి భద్రతా సంస్థ 2001లో ఒక అధ్యయనం వెలువరించింది. వీధిదీపాలు లేని చీకట్లో ట్రైలర్లను పక్క నుంచీ వెనుక నుంచీ గుద్దే ప్రమాదాలను పట్టీ 41 శాతం తగ్గించిందట. నాకు అంతకన్నా ముఖ్యమనిపించిన అంకె మరొకటి: శుభ్రమైన పట్టీ వెనుక నుంచి గుద్దడాన్ని 53 శాతం తగ్గిస్తే, మురికిపట్టినది 27 శాతమే తగ్గించింది.

మన దగ్గరా నిబంధన ఉంది: ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు. కానీ ఫిట్‌నెస్ పరీక్ష రోజున మెరిసిన పట్టీ మీద వానాకాలానికి బురద పేరుకుంటుంది, లేదా పైనుంచి టార్పాలిన్ వేలాడుతుంది. టెయిల్ లైట్లున్నాయి కదా అంటారు. వైరు తెగినా, బ్యాటరీ పడిపోయినా అవి ఆరిపోతాయి. బండి చెడి రోడ్డు మీద నిలిచిపోయేది తరచూ అలాంటప్పుడే. నిద్రలోకి జారినవాణ్ణి పట్టీ ఆపలేదన్నదీ నిజమే. అతని కారు లారీ కిందికి దూరిపోకుండా వెనుక గట్టి ఇనుప అడ్డకమ్మి ఉండాలి. అది వేరే రక్షణ, పట్టీకి బదులు కాదు. ఇక డ్రైవరుకు తీరికెక్కడిదన్న మాట. అద్దం తుడిచే గుడ్డతోనే వెనక్కి వెళ్లి పట్టీ కూడా తుడవొచ్చు, అది నిమిషం పని. చిరిగినది మార్చే ఖర్చు మాత్రం యజమానే పెట్టుకోవాలి. తనిఖీ కూడా రవాణా ఆఫీసు ఆవరణలో పగటిపూట కాకుండా, చీకటిపడ్డాక టోల్‌గేటు దగ్గర టార్చిలైటు వేసి చేయాలి.