ఒంటి బరువూ - కడుపు పంటా

సంతానం కోసం తిరుమల కొండకు మొక్కుకొని వచ్చే దంపతులను తిరుపతిలో ఏళ్ళ తరబడి చూస్తున్నాను. మొక్కు తప్పు కాదు. కాని పెళ్ళయి మూడేళ్ళు దాటితే చాలు, కోడలికి "గొడ్రాలు" అని పేరు పెట్టేవారు ఒక్కసారైనా త్రాసు వైపు చూడరు!

నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణే గాని వైద్యుణ్ణి కాను. అయినా వైద్యులు చెప్పే సంగతి తేలికైనదే. ఒంటి కొవ్వు ఊరికే పడివుండే సరుకు కాదు. అదీ హార్మోనులను తయారుచేస్తుంది. మితిమీరితే నెలసరి క్రమం తప్పి, అండం విడుదల కాకపోవచ్చు. మరీ బక్కచిక్కినా అంతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి సుమారు 36 మందిది అధిక బరువు, 15 మందిది తక్కువ బరువు. స్థూలకాయులు ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గినా, చాలామందికి నెలసరి దారికి వస్తుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలే.

ఇక గర్భం నిలిచాక "ఇద్దరి తిండి తినవే" అని ఒక అత్త. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టం" అని ఇంకొక అత్త. రెండూ సరికావు. 2009లో అమెరికా నిపుణులు వేసిన లెక్కలో, తగిన బరువున్న తల్లి 11.5 నుంచి 16 కిలోలు పెరగాలి. స్థూలకాయురాలికి 5 నుంచి 9 చాలు. మీరితే మధుమేహం, రక్తపోటు. చాలకపోతే బిడ్డ 2.5 కిలోలకు తక్కువగా పుట్టే భయం.

భర్త బరువూ లెక్కలోకి వస్తుంది. పరీక్ష అతనికీ జరగాలి. అలిపిరి మెట్లయినా, ఆసుపత్రి మెట్లయినా ఆలుమగలిద్దరూ కలిసే ఎక్కాలి.