మళ్లీ బెల్టు కట్టే ముందు మడమ సంగతి చూడండి

మా మరమగ్గాల పేట కామత్‌ఘర్‌లో వరాలదేవి చెరువు దగ్గర నుంచి సాయంత్రం ఇంటికి వస్తుంటే ఒక గల్లీలో రెండు చప్పుళ్లు కలిసి వినిపిస్తాయి. ఒకటి సాంచాలది. మామూలు మరమగ్గం నిమిషానికి సుమారు 150 సార్లు నాడె విసురుతుంది, అంటే సెకనుకు రెండున్నర సార్లు. రెండోది పిల్లల గొంతు: ఇచ్, ని, సాన్, షి. జపాను భాషలో ఒకటి, రెండు, మూడు, నాలుగు. సుమన్ సినిమాలు చూసి మా అన్నలు కరాటేలో చేరారు. 1999లో ‘తమ్ముడు’ వచ్చాక మా ఈడు పిల్లలం చేరాం. నేను 17 ఏళ్లకు బ్రౌన్ బెల్టుతో మానేశాను. ఇప్పుడు నాకు 40. మొన్న ఆ లెక్క విని గల్లీలో ఆగిపోయాను, వారం తిరక్కుండా తెల్ల డ్రెస్సు కొన్నాను.

ఈ ఊళ్లో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. పని, పెళ్లి, షిఫ్టులు వచ్చి మానేసినవాళ్లు. వాళ్లు అడిగేది ఒకటే: ఇన్నేళ్ల తర్వాత వస్తుందా? వస్తుంది. కానీ పోయినవన్నీ ఒకేసారి తిరిగి రావు. ఆ వరుస తెలియకే దెబ్బలు తగులుతాయి.

ముందు పోయేది దమ్ము. బాగా సాధన చేసినవాళ్ల చేత 84 రోజులు సాధన మాన్పించి 1984లో అమెరికాలో కొలిచారు. ఒళ్లు ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి 3 వారాల్లోనే 7 శాతం పడింది, 8 వారాలకు 16 శాతం. నెలల్లోనే ఇంత పోతే ఏళ్లకు ఏం మిగులుతుందని నీరసపడకండి, దీనికి ఇంకో లెక్క ఉంది. 1966లో డల్లాస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని 3 వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచి కొలిచారు. అదే ఐదుగురిని 30 ఏళ్ల తర్వాత, 50 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచి కొలిచారు. 30 ఏళ్లలో వయసు తీసుకెళ్లిన దమ్ము కన్నా ఆ 3 వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువ! తర్వాత నడక, జాగింగ్, సైకిల్ మెల్లగా పెంచుతూ 6 నెలలు చేయించారు. ఐదుగురూ సగటున తమ 20 ఏళ్ల నాటి స్థాయికి చేరుకున్నారు. వయసైపోయిందని చెప్పి ఊరుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఐదుగురి సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

కండ ఇంకా నయం. 2010లో ఓస్లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూశారు. పని పెరిగినప్పుడు కండలో చేరిన అదనపు కేంద్రకాలు, కండ తగ్గిపోయాక కూడా 3 నెలల పాటు అక్కడే ఉన్నాయి. ఒకప్పుడు కండ పెంచినవాడికి రెండోసారి తొందరగా రావడానికి ఇదొక కారణమంటారు.

అన్నిటికన్నా గట్టిది చేతులకు, కాళ్లకు ఉన్న గుర్తు. హెయాన్ షోదాన్ అనే కతాలో, అంటే ఒంటరిగా చేసే కదలికల వరుసలో, 21 కదలికలు. మొదటి రోజు సార్ లెక్క మొదలుపెట్టగానే ఎడమకు తిరిగి గెదాన్ బరాయ్ (కింది అడ్డు), ముందడుగు వేసి గుద్దు, వెనక్కి తిరిగి మళ్లీ బరాయ్. మూడు కౌంట్లు ఎవరో చేయిస్తున్నట్టే వచ్చేశాయి. నాలుగో కౌంటు దగ్గర ఆగిపోయాను. ముందు కాలు వెనక్కి లాక్కుంటూ పిడికిలిని తల మీదుగా తిప్పి సుత్తిలా దించాలి. పక్కన పదేళ్ల పాప చేస్తుంటే ఒక్కసారి చూశాను. అంతే, మిగతా 17 వాటంతటవే వచ్చాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తలకు అన్నీ గుర్తొచ్చాయి, కండ కూడా సరే అంటోంది. మడమ మాత్రం ఇంకా సిద్ధంగా లేదు. మడమ నరం అని మనం పిలిచేది నిజానికి నరం కాదు, పిక్క కండను మడమ ఎముకకు కట్టే టెండన్. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. ఆ కాలంలో పెరిగిన ఒళ్లలో ఆ గుర్తు మిగిలిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఆ గుర్తు పట్టుకుని లెక్క తీశారు. పక్కనున్న కండ ఎప్పటికప్పుడు కొత్తదవుతూనే ఉంది. మడమ టెండన్ నడిమి భాగం మాత్రం దాదాపు 17 ఏళ్లకు ఏర్పడిపోయి, ఆ తర్వాత మారనట్టే ఉంది. నేను డోజో (కరాటే శాల) వదిలిన వయసు కూడా అదే. ఆనాటి టెండన్‌నే ఇప్పుడు 40 ఏళ్ల బరువు కింద పెట్టి ఎగిరి తన్నమంటున్నాను.

టెండన్ గట్టిపడదని కాదు. బరువు మోపితే గట్టిపడుతుంది, కాకపోతే నెమ్మదిగా. ఇలా బరువు మోపే సాధన మీద జరిగిన పరిశోధనల్లో 12 వారాలు, ఆపైన చేసినప్పుడే ఫలితం బాగా కనిపించింది. ఈ టెండన్ తెగి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది 30 నుంచి 50 ఏళ్ల మధ్య మగవాళ్లు. చాలామందికి తెగేది ఎన్నాళ్లకో ఒకసారి ఆటకు దిగినప్పుడే. నాకు రెండో వారంలోనే మడమ పట్టేసి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఆ తర్వాతే ఈ లెక్కలన్నీ చదివాను.

అందుకని నేను పెట్టుకున్న లెక్క ఇది. క్లాసులో 100 కిక్కులు చెబితే మొదటి వారం 30, ఆపైన వారానికి 10 చొప్పున పెంచాలి. అలా 8వ వారానికి 100 అవుతాయి. అప్పటిదాకా మాయెగెరి (ముందుకు తన్నడం) నడుము ఎత్తు దాటకూడదు. ఎగిరి తన్నడం, కుమితే (ఎదురెదురు పోరు) 12 వారాలు నిండాకే. ఇంట్లో మెట్టు అంచున నిలబడి మడమలు నెమ్మదిగా ఎత్తి దించుతున్నాను.

గుండె లెక్క సులువు. గరిష్ఠ వేగానికి 220 లోంచి వయసు తీసేయడం పాత సూత్రం, 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయడం కొత్తది. సరిగ్గా 40 దగ్గర రెండూ 180 దగ్గరే కలుస్తాయి. మొదటి నెల అందులో 64 నుంచి 76 శాతం మధ్య ఉంటే చాలు. 40 ఏళ్లవాళ్లు 10 సెకన్లు నాడి పట్టుకుని చూస్తే 19 నుంచి 23 రావాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో పట్టేసినట్టుంటే వెంటనే ఆపేయండి.

కార్ఖానాలో 12 గంటలు నిలబడి తిరిగేవాడికి మళ్లీ వ్యాయామం ఎందుకని అడుగుతారు. వారానికి 6 షిఫ్టులంటే 72 గంటలు. అందులో కాళ్లు అలుస్తాయి తప్ప దమ్ము పెరిగేది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి మధ్యస్థ శ్రమ అయితే కనీసం 150 నిమిషాలు, గట్టి శ్రమ అయితే 75 నిమిషాలు చాలంటుంది. గంట చొప్పున రెండు క్లాసులంటే 120 నిమిషాలు. ఇంట్లో 20 నిమిషాల చొప్పున మూడు రోజులు కలిపితే 180.

స్పెయిన్ అమ్మాయి సాంద్రా సాంచెజ్ తల్లి జబ్బు వల్ల పోటీలు వదిలేసుకుని, తర్వాత తిరిగొచ్చింది. 33 ఏళ్లకు జాతీయ జట్టులో చేరింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, కతాలో బంగారు పతకం గెలిచినప్పుడు ఆమెకు 39. మనకు పతకాలు అక్కర్లేదు కానీ ఆ వయసును మాత్రం గుర్తుపెట్టుకోండి.

పాత బెల్టు బీరువాలోంచి తీసి కట్టుకుపోకండి. తెల్ల బెల్టుతో వెళ్లి, ఎన్నేళ్లు మానేశారో సార్‌కు చెప్పి, చివరి వరుసలో నిలబడండి. పాత బెల్టు ఎప్పుడు కట్టాలో ఆయనే చెబుతారు. రాత్రి షిఫ్టు దిగిన పొద్దున మాత్రం క్లాసుకు పోకండి. ఆ రోజు పడుకోండి.