ఫైలు గడప దాటాలంటే...

గత వర్షాకాలంలో నాకొక అనువాదపు పని వచ్చింది. ఒక వైద్య పరిశోధనకోసం రోగులు తెలుగులో చెప్పిన 42 వాఙ్మూలాలను ఇంగ్లీషులో పెట్టాలి. ప్రతి కాగితం మీదా పేరు, ఊరు, వయస్సు, జబ్బు ఉన్నాయి. తన వ్యాధి సంగతి కట్టుకొన్న భర్తకు కూడా చెప్పలేదని ఒకామె అందులో చెప్పుకొన్నది. పని అప్పగించినవారు పెట్టిన షరతు ఒక్కటే: ఈమెయిలు పనికిరాదు, ఎస్.ఎఫ్.టి.పి. అనే సురక్షిత పద్ధతిలోనే ఫైళ్లు రావాలి, పోవాలి. లేఖ అడుగున చిన్న ప్రశ్న: "మీ యంత్రం ఇందుకు సరిపోతుందా?"

నా బల్లమీద ఉన్నది 2012లో కొన్న కంప్యూటరు. మెమరీ 4 గిగాబైట్లు. మీటలలో రెండింటిపై అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఇంగ్లీషు సాహిత్యం చదువుకొని, ఇరవై ఏళ్లుగా ఒక భాష మాటలను మరొక భాషలోకి మోస్తూ బతుకుతున్న నాకు ఆ ప్రశ్న బెదురు పుట్టించిన మాట నిజం. కొత్త యంత్రం కొనవలసివస్తే ఈ పనికి వచ్చే పారితోషికం దానికే చాలదు కదా! తీరా విచారిస్తే తేలినదేమంటే, ఈ కార్యక్రమం యంత్రబలాన్ని దాదాపు అడగదు. అది అడిగేవి వేరే ఉన్నాయి.

వాటి సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి. కాన్పూరు ఐ.ఐ.టి. తొలి జట్టులో చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్లిన అభయ్ భూషణ్, ఒక కంప్యూటరునుంచి దూరాన ఉన్న మరొకదానికి ఫైలు పంపే పద్ధతిని 1971 ఏప్రిల్‌లో ఒక పత్రంగా రాశారు. అదే ఎఫ్.టి.పి. ఆనాటి వలలో ఉన్నవి వేళ్లమీద లెక్కించదగిన సంస్థలు. దొంగను ఊహించవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. కనుక ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డు ఉన్నది ఉన్నట్టుగానే తీగల వెంట ప్రయాణం చేస్తుంది, పోస్టుకార్డు మీద రాసిన రహస్యంలా.

ఆ పోస్టుకార్డును దారిలో చదివేవారు 1995లో ఫిన్లాండులో బయటపడ్డారు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో ఎవరో పొంచి కూర్చుని వేలకొద్దీ పాస్‌వర్డులను పోగుచేశారు. అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ కొన్ని నెలలలోనే ఎస్.ఎస్.హెచ్. అనే కార్యక్రమాన్ని రాసి, ఆ జూలైలో ఉచితంగా పంచిపెట్టారు. ఇందులో పాస్‌వర్డుతో సహా సమస్తమూ సంకేతభాషలోకి మారిన తరువాతే గడప దాటుతుంది. ఎఫ్.టి.పి. ద్వారం సంఖ్య 21, టెల్నెట్‌ది 23. నడుమ 22 ఖాళీగా ఉన్నది. ఇలోనెన్ దానిని అడిగారు, ఒక్కరోజులో ఇచ్చారు! ఎస్.ఎఫ్.టి.పి. ఈనాటికీ మామూలుగా ఆ ద్వారంగుండానే నడుస్తుంది.

ఇక కావలసినవాటి మాట. మాకింటోష్, లినక్స్ యంత్రాలలో ఈ కార్యక్రమం సాధారణంగా ముందే ఉంటుంది. విండోస్ 10లో 2018 నుంచి దానంతటదే వస్తున్నది. ఆజ్ఞలు టైపు చేయడం నచ్చనివారికి ఫైల్‌జిల్లా, విన్ఎస్‌సిపి వంటివి ఉచితంగా దొరుకుతాయి. సంకేతీకరణకు ప్రాసెసరు అలిసిపోతుందన్నది పాత భయం. ఏ.ఇ.ఎస్. అనే సంకేత పద్ధతికి సహాయపడే ప్రత్యేక ఆజ్ఞలు ఎన్నో ప్రాసెసర్లలో ఇమిడి ఉంటాయి. నా చవక ప్రాసెసరులో అవి లేవు. అటువంటివాటికోసమే అన్నట్టు, ఆ సాయం లేకుండానే చురుకుగా పనిచేసే చాచా20 అనే మరొక పద్ధతి ఉన్నది.

అసలు చిక్కు వయస్సుతో వచ్చింది. యంత్రం వయస్సుతో కాదు, అందులోని కార్యక్రమం వయస్సుతో. నేను వాడుతున్నది విండోస్ 7. దానికి తయారీదారుల మరమ్మతులు 2020 జనవరిలోనే ఆగిపోయాయి. అందులో ఏనాడో దింపుకొన్న పాత ఎస్.ఎఫ్.టి.పి. కార్యక్రమాన్ని అవతలి సర్వరు గడపలోనే నిలిపివేసింది. ఎక్కువ సర్వర్లలో ఉండే ఓపెన్ఎస్ఎస్‌హెచ్, బలహీనపడిన ఒక పాత సంతకపు పద్ధతిని 2021 సెప్టెంబరునుంచి మామూలుగా అంగీకరించడం మానివేసింది. నా కార్యక్రమానికి తెలిసినది ఆ సంతకమొక్కటే. పక్కవీధి కుర్రవాడు ఒక ఆదివారం వచ్చి అదే యంత్రంలో లినక్స్ వేసి వెళ్లాడు. టీ తప్ప మరేమీ పుచ్చుకోలేదు.

వాఙ్మూలాల ధ్వనిముద్రణలన్నీ ఒకే ఫైలుగా 6 గిగాబైట్లు. డిస్కులో చోటు లేక, దానిని పెన్‌డ్రైవులోకే దింపబోతే మధ్యలో ఆగింది. పెన్‌డ్రైవులో చోటు ఉన్నది, కాని అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో సర్దినది. అందులో ఏ ఒక్క ఫైలూ 4 గిగాబైట్లకు చేరకూడదు. తప్పు వలదని ఒక పూటంతా తిట్టుకొన్నాను! మరొకసారి గ్రంథాలయంలో కూర్చుని ప్రయత్నిస్తే అసలు కదలలేదు. ఇంట్లో తెరిచి ఉన్న 22వ ద్వారాన్ని అక్కడివారు మూసి ఉంచారు.

పాస్‌వర్డుకు బదులు తాళంచెవుల జంటను తయారుచేసుకోమన్నారు. అందులో బహిరంగమైన దానిని వారికి పంపాలి. రహస్యమైనది నా యంత్రం దాటకూడదు. దానికి మళ్లీ ఒక రహస్య వాక్యం కాపలా. సర్వరుకూ తనదైన తాళంచెవి ఉంటుంది. మొదటిసారి కలిసినప్పుడు దాని వేలిముద్ర వంటి 43 అక్షరాల గుర్తును తెరమీద చూపి, "నమ్మమంటారా?" అని కార్యక్రమం అడుగుతుంది. చదవకుండా "అవును" అనేవారే ఎక్కువ. నేనూ అన్నాను.

మూడవ విడత పంపవలసిన రాత్రి పదిన్నరకు తెరమీద పెద్ద హెచ్చరిక: సర్వరు గుర్తు మారిపోయింది, నడుమ ఎవరైనా చేరి ఉండవచ్చు. గడువు మరునాటి ఉదయం తొమ్మిదికి. పాత గుర్తును చెరిపివేసి ముందుకు సాగడానికి ఒక్క ఆజ్ఞ చాలు. అది టైపు చేసి కూడా ఉంచాను. ఆ విడతలో ఉన్నది, భర్తకు చెప్పని ఆమె వాఙ్మూలం. ఆజ్ఞను చెరిపి, దీపం ఆర్పి పడుకొన్నాను కాని నిద్ర పట్టలేదు.

కార్యాలయం తెరిచేది పదింటికి. ఫోను చేశాను. శనివారం సర్వరు మార్చారట. నాకు చెప్పడం మరిచారట. "అవునని కొట్టేయండి, ఏమీ కాదు," అన్నాడు అవతలి మనిషి. కొత్త గుర్తు చదివి వినిపించమన్నాను. విసుక్కొంటూనే చదివాడు, ఏది పెద్దక్షరమో ఏది చిన్నక్షరమో చెబుతూ. పెన్సిలుతో ఒక్కొక్కటే సరిచూసుకొన్నాను. 43 అక్షరాలూ కలిశాయి. ఫైలు పంపేసరికి పదీ ఇరవై అయింది.