ఈసారి సైకిళ్ళ చక్రాలు ఎందుకు మెరవలేదు?

ఈ సంవత్సరం సైకిళ్ళ పంపిణీ ఫోటోలు చూసిన దాతల్లో ఒకరిద్దరు మమ్మల్ని ఒక మాట అడిగారు. "పోయినసారి చక్రాలు అద్దాల్లా మెరిశాయి కదా, ఈసారి వెలవెలబోతున్నాయేం? చవకరకం కొన్నారా?" అని. న్యాయమైన ప్రశ్నే. మీ సొమ్ము మా దగ్గర అమానత్, లెక్క అడిగే హక్కు మీకుంది. సైకిళ్ళు అదే రకం, కొన్నది అదే దుకాణంలో. తేడా ఒక్కటే, ఈసారి రిమ్ములకు మేము నూనె రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పాలంటే పోయినసారి మేము చేసిన పని ముందు ఒప్పుకోవాలి.

పోయిన సంవత్సరం సైకిళ్ళు వానాకాలంలో నెల రోజులకు పైగా గోదాములో ఉండిపోయాయి. రిమ్ముల మీద దుమ్ము, అక్కడక్కడ తుప్పు మచ్చలు. రేపు సభ అనగా మేమంతా కూర్చుని, పాత బనియన్ గుడ్డలను కొబ్బరినూనెలో ముంచి, చువ్వలూ రిమ్ములూ తళతళలాడేలా తుడిచాం. వేదిక మీద పెద్దలు మెచ్చుకున్నారు కూడా. మూడు వారాల తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు రైల్వే వంతెన దిగుతూ, రెండు బ్రేకులూ రెండు చేతులతో పట్టినా సైకిలు ఆగక, రోడ్డు పక్కన నిలిపిన ఆటోను గుద్దుకుంది. మణికట్టు ఎముక విరిగింది. చూడడానికి వెళ్ళిన మాతో ఆ పిల్ల తండ్రి, "సైకిలు మంచిదే సార్, మా పిల్లకే తొక్కడం సరిగ్గా రాదు" అన్నాడు. రెండు రోజులు మేమూ అదే నమ్మాం.

తర్వాత ఆ సైకిలును బాగుచేయించడానికి తీసుకెళ్తే, షాపు చాచా చక్రం అంచున బొటనవేలు ఒక్కసారి రాసి, ఆ వేలు మా ముందు పెట్టాడు. నల్లగా, జిగటగా ఉంది. "ఇక్కడ నూనె ఎవరు రాశారు?" అన్నాడు. మేమెవరం మాట్లాడలేదు. వైద్యం ఖర్చు విరాళాల లెక్కలో వేయలేదు. నూనె రాసిన చేతులే తలా కొంత వేసుకున్నాయి.

సైకిలు బ్రేకు పని చాలా చిన్నది. రెండు రబ్బరు ముక్కలు తిరిగే రిమ్మును పట్టి రాపిడి పుట్టిస్తాయి. సైకిలు వేగం ఆ రాపిడిలో వేడిగా మారిపోతుంది. రబ్బరు ఇనుమును నేరుగా తాకితేనే ఈ పని జరుగుతుంది. మధ్యలో నూనె పొర ఉంటే, అది వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఉన్నా సరే, రబ్బరు నూనె మీద జారుతుంది గానీ రిమ్మును పట్టదు. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే మనకు నెమ్మదే అనిపిస్తుంది, కానీ సెకనుకు 4 మీటర్లకు పైగా ముందుకు పోతున్నట్టు లెక్క. ఆ వేగంలో మంచి బ్రేకుతో 3 మీటర్లలో ఆగే సైకిలు, పట్టు మూడో వంతుకు పడిపోతే 9 మీటర్లకు గానీ ఆగదు. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. అందుకే బడి ఆవరణలో నెమ్మదిగా తొక్కినన్నాళ్ళూ ఏమీ తెలియలేదు, వాలులో తెలిసింది. దానికి తోడు మన సైకిళ్ళలో చాలావాటికి ఉండేది క్రోమియం పూత వేసిన ఇనుప రిమ్ము. శుభ్రంగా ఉన్నా సరే, తడిస్తే దాని పట్టు బాగా తగ్గుతుంది. నూనె, వాన కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

మాలాగా కావాలని రాయకపోయినా రిమ్ముకు జిడ్డు పట్టే దారులు చాలా ఉన్నాయి. చైనుకు నూనె డబ్బాతో ధారగా పోస్తారు. వెనక చక్రం తిరుగుతున్నప్పుడు ఆ నూనె చింది అంచుకు చేరుతుంది. హబ్బులో ఎక్కువ పోస్తే చువ్వల వెంట జారి రిమ్ముకు వస్తుంది. చైను సర్దిన చేత్తోనే చక్రం పట్టుకుంటారు. లారీలు కార్చిన డీజిలు, ఎండకు కరిగిన తారు కూడా అంటుకుంటాయి. కొత్త సైకిళ్ళకు తుప్పు పట్టకుండా ముందే పూసిన జిడ్డు మిగిలి ఉండవచ్చు. వీటన్నిటి మీద రోడ్డు దుమ్మూ, అరిగిన రబ్బరు పొడీ చేరి నల్లటి బంకగా తయారవుతుంది.

జిడ్డు ఉందో లేదో చూడడానికి తెల్ల గుడ్డ ఒకటి చాలు. ఇంకో తేలిక పరీక్ష నీళ్ళతో. రిమ్ము మీద నాలుగు చుక్కలు చల్లండి. నీళ్ళు పలచని పొరలా పరుచుకుంటే ఇనుము శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద నీటిబొట్లలా ముద్దలు కడితే జిడ్డు ఉన్నట్టు.

ఎక్కడ తుడవాలన్నది బ్రేకును బట్టి ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. వైరు బ్రేకుల్లో రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకుంటాయి. పాత పెద్ద సైకిళ్ళలో ఉండే రాడ్ బ్రేకుల్లో అలా కాదు, రబ్బర్లు రిమ్ము లోపలివైపు, అంటే చువ్వలు దిగే వైపు, అటూ ఇటూ ఉన్న అంచులకు ఆనుతాయి. రాడ్ బ్రేకు సైకిలుకు పక్కలు ఎంత తోమినా ఫోటోకు పనికొస్తుంది గానీ బ్రేకుకు కాదు.

కడగడానికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. సైకిలును గోనెసంచి మీద తలకిందులుగా నిలబెట్టి, ముందు పొడి గుడ్డతో మందపాటి జిడ్డంతా తీసేయాలి. తడి తర్వాతే, లేకపోతే ఉన్న జిడ్డునే చక్రమంతా పులిమినట్టవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో, గాలి కొట్టే వాల్వు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ వాల్వు దగ్గరికి వచ్చేదాకా తోమాలి. అప్పుడు ఎక్కడా వదిలేయం. సబ్బు రేణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. అలా నీటితోపాటు నూనె కూడా కొట్టుకుపోతుంది. ఉత్త నీళ్ళు ఎంత పోసినా ఈ పని జరగదు. కుంకుడుకాయ రసం కూడా ఇలాగే పనిచేస్తుంది. గుడ్డలు మార్చుతూ ఉండాలి. ఒకే గుడ్డతో నాలుగు సైకిళ్ళు తుడిస్తే మొదటి సైకిలు జిడ్డు నాలుగో సైకిలుకు చేరుతుంది. మొదటిరోజు మేము చేసింది సరిగ్గా అదే.

తారు మరకలకు సబ్బు చాలదు. గుడ్డకు కొంచెం కిరసనాయిలు అద్ది మరక మీద మాత్రమే రుద్దాలి. టైరుకూ బ్రేకు రబ్బరుకూ తగలనివ్వకూడదు. కిరసనాయిలు కూడా జిడ్డును కరిగించి తన పొరను వదిలి వెళ్ళేదే కాబట్టి, తర్వాత రెండుసార్లు సబ్బుతో కడగాల్సిందే. ఆఖరున మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో తుడిస్తే మిగిలిన పొర కూడా పోతుంది, ఆ సమయంలో దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చేతులకు రాసుకునే జెల్ శానిటైజరు పనికిరాదు, అందులో చర్మం కోసం కలిపే గ్లిజరిను రిమ్ము మీద మిగులుతుంది. పెట్రోలు జోలికి మా పిల్లలను పోనివ్వం. తుప్పు మచ్చలకు ఉప్పు కాగితం వాడితే క్రోమియం పూత లేచిపోయి తుప్పు ఇంకా ఎక్కువవుతుంది. అన్నం పొట్లాలకు చుట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి, నీళ్ళలో తడిపి రుద్దితే మచ్చ పోతుంది, పూత నిలుస్తుంది. అల్యూమినియం రిమ్ములున్న కొత్తరకం సైకిళ్ళకు బూడిద, చాకలి సోడా వాడకూడదు. క్షారం ఆ లోహాన్ని తింటుంది.

రిమ్ము ఒక్కటే కడిగి రబ్బర్లను వదిలేస్తే పని సగమే అయినట్టు. వాటి మీది జిడ్డు మొదటి పది చుట్లలోనే రిమ్ముకు తిరిగి వచ్చేస్తుంది. రబ్బర్లు విప్పి సబ్బుతో కడిగి, ఆరాక ఉప్పు కాగితం మీద పెట్టి నున్నగా మెరిసే పై పొర పోయేదాకా రుద్దాలి. పంక్చరు షాపులో ట్యూబును గీకేది దానితోనే. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక, లోహపు తునకలు ఉంటే పిన్నుతో తీయాలి. నూనె లోపలిదాకా ఇంకితే ఆ జతను పారేసి కొత్తది వేయడమే మంచిది. తిరిగి బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కొన్ని రకాల్లో రబ్బరు కూర్చునే ఇనుప తొడుగుకు ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటుంది. చక్రం రబ్బరును ఏ దిక్కుకు లాగుతుందో మూసిన కొస ఆ దిక్కునే ఉండాలి. తిరగేసి బిగిస్తే, గట్టిగా బ్రేకు పట్టిన రోజున రబ్బరు ఊడి ఎగిరిపోతుంది. బిగించాక రబ్బరు రిమ్మునే తాకుతోందా, టైరుకు రాసుకుంటోందా అని చక్రం తిప్పి చూసుకోవాలి.

ఇక పరీక్ష. సైకిలు పక్కన నిలబడి, ముందు బ్రేకు పట్టి ముందుకు తోయండి. ముందు చక్రం తిరగకుండా వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే వెనక చక్రం నేల మీద ఈడ్చుకుంటూ రావాలి. ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతామని పిల్లలకు చెప్పి చెప్పి పెద్దలే భయపెట్టారు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా గుంజకుండా, రెండూ కలిపి పట్టడం నేర్పాలి.

చైనుకు నూనె వద్దని మేము అనడం లేదు. లోపలివైపు లంకెకొక చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేస్తే చాలు. నూనె వేసేటప్పుడు చైనుకూ రిమ్ముకూ మధ్య ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. మన సంఘం పాత క్యాలెండరు అట్ట దీనికి చక్కగా సరిపోతుంది.

ఈసారి ప్రతి సైకిలుతోపాటు ఒక బ్రష్షు, గుడ్డ, ఉప్పు కాగితం ముక్క ఇచ్చాం. తోసి పరీక్షించనిదే ఏ సైకిలునూ వేదిక ఎక్కించలేదు. పోయినసారి ఇచ్చిన సైకిళ్ళను కూడా ఒక ఆదివారం పిలిపించి కడిగాం. కొన్ని ఇంకా రాలేదు. మీకు తెలిసిన ఇంట్లో మనం ఇచ్చిన సైకిలు ఉంటే, తెల్ల గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి.

ఆ అమ్మాయి మణికట్టు కుదుటపడింది. అదే వంతెన మీదుగా అదే సైకిలు మీద బడికి వెళ్తోంది. దిగుడు మొదట్లో ఒకసారి బ్రేకు పట్టి చూసుకోనిదే కిందికి దిగదట. ఈసారి పంపిణీకి ముందురోజు చక్రాలు కడగడానికి తండ్రిని వెంటబెట్టుకుని తనూ వచ్చింది.