గేర్ మోటారు కొనేముందు చూడవలసిన రెండు అంకెలు



గూళ్లను మార్కెట్టుకు తీసుకుపోకుండా ఇంటివద్దనే దారం తీసే కుటుంబాల్లో చేతి చరఖా తిప్పడానికే ఒక మనిషి కావాలి. ఈ పనిని గేర్ మోటారు చేయగలదు. అయితే "ఎన్ని హెచ్.పి.?" అని మాత్రమే అడిగి కొనరాదు. గేరు పెట్టె బయటి షాఫ్టు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది, ఎంత బలంతో తిప్పుతుంది అన్న రెండూ అడగాలి. మొదటిది వేగం; దీన్ని ఆర్.పి.ఎం.లో చెప్తారు. రెండవది తిప్పే బలం, అంటే టార్క్. దీన్ని న్యూటన్ మీటర్లలో చెప్తారు.

గడ్డపారతో బండరాయిని పెకలించేటప్పుడు చెయ్యి ఎక్కువ దూరం కదులుతుంది, రాయి కొద్దిగానే కదులుతుంది, కాని బలం పెరుగుతుంది. గేరు పెట్టె కూడా అంతే. వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతుంది.

మీ చరఖాకు ఎంత కావాలి?

1. వేగం: దారం తెగకుండా చేత్తో తిప్పే వేగంలో చరఖా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో గడియారం పెట్టి లెక్కించండి. 60 చుట్లు అనుకుందాం.

2. బలం: దారాలు ఎక్కించి, చరఖా ఇరుసుకు 20 సెంటీమీటర్ల వెడల్పు గల పుల్లీ బిగించండి. దానికి తాడు చుట్టి బరువు వేలాడదీయండి. 6 కిలోలకు కదిలితే, 6 × 9.8 × 0.1 = సుమారు 6 న్యూటన్ మీటర్లు.

3. దీనికి రెండింతలు, అంటే 12 న్యూటన్ మీటర్లు ఎంచుకోండి. మన పల్లెల్లో వోల్టేజీ పడిపోవడమే ఇందుకు కారణం. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే వస్తే, బయలుదేరేటప్పటి బలం 61 శాతానికి తగ్గుతుంది. 12లో 61 శాతం సుమారు 7. చరఖాకు కావలసిన 6 కంటే ఇది ఎక్కువే. బలం చాలక మోటారు కదలకుండా మూలిగితే వైండింగు కాలిపోతుంది.

ఏ గేరు పెట్టె?

0.25 హెచ్.పి., 1440 ఆర్.పి.ఎం. మోటారు బలం సుమారు 1.2 న్యూటన్ మీటర్లు. 24కు 1 గేరు పెట్టెతో వేగం 60 అవుతుంది. రాపిడికి 30 శాతం పోయినా సుమారు 20 న్యూటన్ మీటర్లు మిగులుతుంది. ఇది చాలు. అదే మోటారుకు 10కి 1 గేరు పెట్టె తగిలిస్తే వేగం 144 అవుతుంది, దారం తెగుతుంది. బలమేమో 10 న్యూటన్ మీటర్ల లోపే. హెచ్.పి. ఒకటే అయినా పని ఒకటి కాదు.

అవసరానికి మించి పెద్ద మోటారు కూడా వద్దు. చరఖా ఎక్కడైనా పట్టేస్తే అది ఆగదు. ఆకులు విరుగుతాయి, చేతికి ప్రమాదం. గేరు పెట్టెకు, చరఖాకు మధ్య బెల్టు ఉంచితే అలాంటప్పుడు బెల్టు జారుతుంది. బెల్టుకు తొడుగు తప్పనిసరి. పొయ్యి దగ్గర తడి ఉంటుంది కాబట్టి మోటారుకు ఎర్త్ వైరు తప్పక వేయించండి.

దుకాణానికి పోయేముందు మీ వేగం, మీ బలం కాగితంపై రాసుకోండి. మోటారు పేరు పలకపైన, గేరు పెట్టె పలకపైన ఉన్న అంకెలను వాటితో సరిపోల్చిన తర్వాతే డబ్బు కట్టండి.