బీడీ అలవాటు: నేర్చుకొన్న విధము, మానుకొను విధము



మా సంఘమునకు నూలు కొరకు వచ్చు సభ్యులలో పలువురు, తూకము అగునంతలో వీధిలోనికి పోయి ఒక బీడీ కాల్చి వచ్చుట మేము తరచు చూచుచున్నాము. "మానరాదా అన్నా?" అని అడిగినచో "చిన్ననాడు పట్టుకొన్నది సెక్రటరీగారూ, మా రాత అంతే" అందురు. రాత అని సరిపెట్టుకొనుట తగదు. నాడె విసరుట నేర్చుకొన్నట్లే బీడీ కాల్చుటయు నేర్చుకొన్నాము. అది ఎట్లు నేర్చితిమో మనస్తత్వ శాస్త్రజ్ఞులు మూడు విధములుగా వివరించినారు.

మొదటిది జత కలియుట. జీర్ణక్రియను గూర్చిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమానము పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, కుక్కకు ఆహారము పెట్టుటకు ముందు ప్రతిసారి ఒక శబ్దము వినిపించెను. కొన్నాళ్లకు ఆహారము లేకున్నను ఆ శబ్దమునకే దాని నోట నీరూరసాగెను. మనమును అంతే. మగ్గము గుంటలో నుండి లేవగానే ఒక బీడీ, టీ గ్లాసుతో ఒక బీడీ. ఏండ్ల తరబడి ఇట్లు సాగినపిమ్మట టీ వాసన తగులగానే చేయి జేబులోనికి పోవును.

రెండవది ప్రతిఫలము. అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ ఎలుకను పెట్టెలో ఉంచి, అది మీట నొక్కినప్పుడెల్ల తిండి పడునట్లు చేసెను. ఎలుక మరల మరల మీట నొక్కసాగెను. బీడీ పొగలోని నికోటిన్ కొద్ది సెకనులలోనే మెదడును చేరి కొంత హుషారు కలిగించును. అది తగ్గగానే చిరాకు పుట్టును. మరియొక బీడీతో ఆ చిరాకు పోవును. "బీడీ కాల్చితే మనసు కుదుటపడుతుంది" అందుము గాని, ఆ అలజడిని తెచ్చినది చాలవరకు వెనుకటి బీడీయే. దీని కూలి అప్పటికప్పుడే ముట్టును. అప్పు మాత్రము ఏండ్లు గడచిన తరువాత ఊపిరితిత్తులను, గుండెను అడుగ వచ్చును. అందుచేతనే హాని తెలిసియు మానలేకున్నాము.

మూడవది చూచి నేర్చుట. మొదటి బీడీ దగ్గు తెప్పించును, తల త్రిప్పును. అయినను రెండవది ఎందుకు కాల్చితిమి? పెద్దవారివలె కనబడవలెనని. బందూరా అను శాస్త్రజ్ఞుడు 1961లో ప్రకటించిన పరిశోధనలో 72 మంది చిన్నపిల్లలు పాల్గొనిరి. పెద్దవారు ఒక బొమ్మను కొట్టుట చూచిన పిల్లలలో పలువురు, ఎవరును చెప్పకయే, అట్లే కొట్టిరి.

ఇచట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మా అబ్బాయి చేతికి చిల్లర ఇచ్చి బీడీకట్ట తెమ్మని పంపుట మాకు వాడుక. ఒకనాడు వాడు జొన్న పుల్లను రెండు వ్రేళ్ల నడుమ పట్టుకొని, అరుగు మీద కూర్చుండి, అచ్చము మావలెనే తల పైకెత్తి ఊదుచుండెను. వాని తల్లి నవ్వినది. మాకు నవ్వు రాలేదు. మేము నేర్పకయే వానికి మొదటి పాఠము అయిపోయినది.

షోలాపూరు వంటి చోట్ల మన తెలుగు ఇండ్ల స్త్రీలు ఎందరో బీడీలు చుట్టి సంసారములు ఈదుచున్నారు. వారి కష్టమును చిన్నబుచ్చుట మా ఉద్దేశము కాదు. పొగాకు చేట పిల్లల కంటి ఎదుటనే ఉండు ఇంట పెద్దలు మరింత మెలకువగా ఉండవలెనని మాత్రమే మనవి.

నేర్చినదానిని మాన్పుకొనవచ్చును. మాకు ఉపకరించినవి ఇవి: టీ త్రాగు చోటును, వేళను మార్చితిమి. గుంటలో నుండి లేవగానే ముఖము కడుగుకొని నాలుగడుగులు నడచితిమి. బీడీల డబ్బును రోజూ డబ్బాలో వేసి, నెల చివర ఇంటివారి చేతికి ఇచ్చితిమి. చిరాకు మొదటి వారమున హెచ్చుగా ఉండి, కొన్ని వారములలో తగ్గినది. వైద్యుని సలహాతో నికోటిన్ గమ్ వంటివియు వాడవచ్చును. 1800-11-2356 అను ఉచిత ఫోను నంబరున సలహా చెప్పుదురు.

మాని ఎనిమిది నెలలైనను ఒక్కొక్క దినము టీ వద్ద మా చేయి జేబు వైపు పోవుచున్నది. పావ్‌లోవ్ కుక్కకును అట్లే జరిగినది. ఆహారము లేక శబ్దము మాత్రమే పలుమార్లు వినిపింపగా నోట నీరూరుట ఆగెను. కొంత వ్యవధి తరువాత అదే శబ్దమునకు మరల ఊరెను. కావున ఒకనాడు తప్పినవారు ఇక మా వల్ల కాదని విడువరాదు. తెగిన పోగును అతికి నేత సాగించునట్లే మరునాటి నుండి మరల పూనుకొనవలెను.

ఒక్క మాట మాత్రము నేటి నుండియే అందరును పాటింపుడు. పిల్లలను బీడీలకు పంపకుడు. 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్ముటను 2003 నాటి చట్టము నిషేధించినది. అంగడివాడు చట్టమును మీరినను, తండ్రి తన బిడ్డను పంపకుండ ఉండగలడు గదా!