‘సెల్’ అంటే ఫోనా, బ్యాటరీనా? ఆ పేరు వెనకున్న అసలు కథ ఇదీ!

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో కిరాణా షాపుకెళ్లి “ఒక సెల్ ఇవ్వండి” అంటే, “గోడ గడియారానికా, రిమోట్‌కా?” అని అడుగుతారు. అదే “సెల్ పాడైంది” అంటే ఫోన్ రిపేర్ షాపుకి దారి చూపిస్తారు. పోలీస్ స్టేషన్‌లో లాకప్ కూడా సెల్లే, సైన్స్ పుస్తకంలో కణమూ సెల్లే. మరి మన ఫోన్‌కి ఈ పేరెలా వచ్చింది? లోపల బ్యాటరీ ఉంది కాబట్టి అనుకుంటే పొరపాటే!

అన్నిటికీ మూలం ‘చిన్న గది’

లాటిన్‌లో ‘సెల్లా’ అంటే చిన్న గది. జైలు గదికి ఆ పేరు అలాగే వచ్చింది. 1665లో రాబర్ట్ హుక్ మైక్రోస్కోప్‌లో బెరడు ముక్కను చూస్తే, తేనెపట్టులో ఉన్నట్టు చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటినీ ‘సెల్స్’ అన్నాడు.

ఫోన్‌కి వచ్చింది టవర్ నుంచి

1947లో బెల్ ల్యాబ్స్ ఇంజినీర్ డి.హెచ్. రింగ్ ఒక ఐడియా చెప్పాడు. పెద్ద ఏరియా మొత్తానికి ఒకే టవర్ పెట్టకుండా, దాన్ని ఆరు పలకల చిన్న భాగాలుగా విడగొడితే, దూరంగా ఉన్న భాగాల్లో అవే ఫ్రీక్వెన్సీలు మళ్లీ వాడుకోవచ్చు. ఆ ఒక్కో భాగమే సెల్. నందిగామ నుంచి జగ్గయ్యపేట వైపు హైవే మీద మాట్లాడుతూ వెళ్తుంటే, మీ కాల్ ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారుతూ పోతుంది. దీన్నే హ్యాండోవర్ అంటారు.

మరి ‘డ్యూయల్ సెల్’?

ఫోన్ స్పెక్స్‌లో కనిపించే ఈ సెల్ మాత్రం బ్యాటరీదే. రెండు సెల్స్‌ని సిరీస్‌లో కలిపితే వోల్టేజ్ రెట్టింపవుతుంది, తక్కువ కరెంట్‌తోనే ఎక్కువ పవర్ ఎక్కుతుంది. కొన్ని ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్ల కిటుకు ఇదే.

తేడా తెలిస్తే లాభమేంటి?

2023 జులైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఇలాంటప్పుడు పనికొచ్చేదే ‘సెల్ బ్రాడ్‌కాస్ట్’. ఇది నంబర్ చూసి పంపే ఎస్ఎంఎస్ కాదు. ఎంచుకున్న టవర్ల సెల్స్‌లో ఉన్న, సపోర్ట్ చేసే ఫోన్లన్నింటికీ ఒకేసారి వెళ్తుంది. ఊరివాళ్లకే కాదు, అప్పుడే బస్సులో అటుగా వస్తున్నవాళ్లకీ అందుతుంది.

కాబట్టి ఇప్పుడే సెట్టింగ్స్‌లో ‘ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని సెర్చ్ చేసి, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో అమ్మానాన్నల సెల్‌లో కూడా!